వైజయంతీవిలాసమునందలి గతము

గోలకొండ కోటకు ఆగ్నేయముగా, మూసీనది దక్షిణపుగట్టున, కిషన్‌బాగను పేట కలదు. పేరున ముక్కలు రెండు. కిషన్ అనునది కృష్ణశబ్దభవము. బాగు పారసీకపదము, తోఁట యని యర్థము. కృష్ణదేవాలయము నేఁటికిని నిలిచియున్నది. తోఁట మాత్రము పేరునందే మిగిలి, దాని చోట ఇండ్లును, అంగళ్లును, ఇఱుకు సందులును వెలసినవి. శాబ్దికుల మాటలోఁ జెప్పవలెనన్న, యోగార్థము తొలఁగి రూఢి నిలిచినది. ఆ పేరు పలుకువారెవరును తోఁటను తలఁపరు. అయినను పేరు తోఁటను విడువదు. చోటు తన పూర్వమును ఈ విధముగాఁ బేరున మోయును. మనుష్యుఁడు తన పూర్వమును దేనియందు మోయునని యడిగిన, ఆ కోటనీడనే పుట్టిన తెలుఁగు కావ్య మొకటి బదులు చెప్పఁబూనినది. అది సారంగు తమ్మయ రచించిన వైజయంతీవిలాసము. అదియు నొక తోఁటకథయే.

తమ్మయ గోలకొండకుఁ గరణమని ప్రసిద్ధి. 1591లో మహమ్మదు కులీ కుతుబుషా హైదరాబాదు పట్టణమును వెలయించిన కాలమునకు ఆతఁడు చేరువవాఁడు. జమయు ఖర్చును సరిపడువఱకు కునుకు పట్టని వృత్తివాఁడు, ఎన్నఁటికిని సరిపడని లెక్క నొకదానిని కావ్యవస్తువుగాఁ గైకొనుట గమనింపఁదగినది. కథ ఎల్ల రెఱిఁగినదే. శ్రీరంగమున కావేరీతీరమున తులసితోఁట పెంచి, రంగనాథునకు నిత్యము మాలలు కట్టి యర్పించు బ్రహ్మచారి విప్రనారాయణుఁడు. దేవదేవి యను వేశ్యయు, ఆమె యక్కయగు మధురవాణియు తోఁటలో నతనిఁ జూచి మ్రొక్కిరి. అతఁడు కన్నెత్తి చూడలేదు. దేవదేవి దాని నవమానముగాఁ దలఁచి, అతనిని లోఁగొందునని పంతము పట్టి, దాసరివేసమున వచ్చి, మొక్కలకు నీరు పోయుచుఁ గొలువు చేసి, తుదకుఁ బంతము నెగ్గించుకొన్నది. తోఁట పాడయినది. ఉన్నది చెల్లిన పిదప దేవదేవి తల్లి యతనిని వాకిటినుండి గెంటించినది. అప్పుడు రంగనాథుఁడు శిష్యుని రూపున వచ్చి బంగారుగిన్నె నొకదానిని ఆ యింట నిచ్చి, విప్రనారాయణుఁడు పంపెనని చెప్పినాఁడు. కోవెలలో గిన్నె కనఁబడక వెదకఁగా అది వేశ్యయింట దొరకినది. విప్రనారాయణునిపై దొంగతనము మోపఁబడినది. కడకు స్వామియే నిజము తెలుపఁగా అతఁడు విడుదల పొంది, భక్తుల పాదధూళి యను పేర ఆళ్వారులలో నొకఁడయినాఁడు.

చదలువాడ మల్లయయు నీ కథను కావ్యము చేసినాఁడు. 1954లో భరణీవారు దీనిని చలనచిత్రముగాఁ దీసిరి. తెలుఁగువారి కిది యింత ప్రియమగుటకు శృంగారమే కారణమనువారు కలరు. ఆ శృంగారమే దీనికి దోషమనువారును కలరు. ఇరువురును తోఁటలోని కథనే చూచి, తీర్పు పిమ్మటి కథను విడిచిరి. ఈ కావ్యమునకు గుండెకాయ యెక్కడనున్నదో తెలియవలెనన్న బంగారుగిన్నెను నిదానించి చూడవలెను.

విప్రనారాయణునిపై మోపఁబడిన నేరమేమి? గిన్నె దొంగిలుట. ఆ నేర మతఁడు చేయలేదు. చేసినవాఁడు సాక్షాత్తు రంగనాథుఁడు, ఒప్పుకొన్నవాఁడును అతఁడే. కావున న్యాయసభలో విప్రనారాయణుఁడు నిర్దోషి. సందేహము లేదు. ఐనను అతఁడు చేసినది వేఱొకటి కలదు. ఎన్నియో దినములు స్వామికి మాల లేదు. తులసి యెండినది. నిత్యకైంకర్యము తప్పినది. కన్నబిడ్డవలె పెంచిన తోఁటను ఒక మోహమునకై విడిచి, ఆ మోహము చెల్లిన పిదప ఒక యరుఁగుమీఁద పడిగాపులు పడినాఁడు. దీనినిగూర్చి యతనిని ఎవ్వరును అడుగలేదు. రాజునకుఁ గావలసినది గిన్నె. పూజారులకుఁ గావలసినది గిన్నె. గిన్నె కోవెలకుఁ జేరినది, సభ ముగిసినది. అతఁ డడుగఁబడిన ప్రశ్నకు అతనియొద్ద నేరము లేదు. అతనియొద్దనున్న నేరమునకు ప్రశ్న లేదు.

ఇందే కథయొక్క బిగువు. లోకమున పలువురకు నిట్టి స్థితియే కలుగును. ఊరు మోపిన నింద అబద్ధమని తేలును. మిత్రులు వచ్చి కౌఁగిలించుకొందురు. ఇంటికిఁ బోయి తలుపు వేసికొన్న పిదప, నింద మోపఁబడని తప్పు ఎదుటఁ గూర్చుండును. అప్పుడు నిర్దోషి యను తీర్పే బరువగును. శిక్ష పడియుండిన దానినైనను అనుభవించి తీర్చుకొనవచ్చును. పడని శిక్షను తీర్చుకొనుటెట్లు? విప్రనారాయణుఁడు విడుదలనాఁటి సంధ్య తన పూర్వముతో నెట్లు సంధి చేసికొనెనన్నదే విమర్శకు నిలువవలసిన ప్రశ్న. దీనికి వ్యాకరణమున నొక మూల చిన్నదీపము వెలుఁగుచున్నది.

సంస్కృతమున భూతకాలమును దెలుపు లకారములు ముఖ్యముగా మూఁడు. లుఙ్ సామాన్యభూతము. లఙ్ నేఁటిది కాని భూతము. లిట్ నేఁటిది కాకుండుటయే గాక, చెప్పువాని కంటఁబడని భూతము. రాముఁడు రావణునిఁ జంపెనని చెప్పునప్పుడు లిట్టు తగును. చెప్పువాఁడు దానిని జూచినవాఁడు కాఁడు గదా. ఇంతవఱకు చిక్కు లేదు. ఉత్తమపురుషమునకు వచ్చినప్పుడు చిక్కు పుట్టును. తాను చేసినపని తనకు పరోక్షమగుటెట్లు? లిట్టునకు ఉత్తమపురుషరూపములు మాత్రము కలవు. రూపమున్నచోట ప్రయోగమును జూపవలసిన భారము శాస్త్రముపైఁ బడినది. వార్తికకారుఁడును, పిమ్మటి వ్యాఖ్యాతలును రెండు తావులు చూపిరి. నిదురించువాఁడును మత్తుఁడును తాము పలికినది తామెఱుఁగరు. కావున వారు తమ ప్రలాపమును పరోక్షముగాఁ జెప్పవచ్చును. రెండవతావు అత్యంతాపహ్నవము, అనఁగా ఏ మాత్రమును మిగుల్పక కాదనుట. కళింగమున నివసించితివా యని యడిగినవానితో, నివాసము మాట యటుండనిండు, ఆ దేశమునకే నేను పోయి యెఱుఁగనని చెప్పువాఁడు లిట్టు వాడును.

కళింగమే యేల? బౌధాయనధర్మసూత్రమున కళింగమునకుఁ బోయినవానికి ప్రాయశ్చిత్తము విధింపఁబడినది. (శ్రీకాకుళమువారు నొచ్చుకొననక్కఱ లేదు, ఆర్యావర్తమున గూర్చుండి వ్రాసినవారికి దూరదేశములు పెక్కు అపవిత్రములే.) ప్రాయశ్చిత్తభయము లేనిచో ఆ ఉదాహరణపురుషుఁడు అంత గట్టిగాఁ గాదనఁడు. అతఁడు కళింగమునకుఁ బోయినాఁడనుట సూత్రము చెప్పదు. అయినను చదువువానికి తెలియుచునే యున్నది. పోయినది కాళ్లు, కాదనునది నోరు. వేలకొలఁది యేండ్లుగా బాలురు ఈ ఉదాహరణమును వల్లించుచున్నారు. దానిలోని భయపడిన మనిషి వారి కంటఁబడుట అరుదు.

శాస్త్రకారులు దీనిని నీతిగాఁ జెప్పలేదు. వారికిఁ గావలసినది రూపసిద్ధి. కాని వారెఱుఁగకయే మనస్సునుగూర్చి యొక సత్యము చెప్పిరి: తన పనిని తాను చూడనట్లు పలుకుటకు మనుష్యునకు త్రోవలు రెండే. ఆ వేళ నేను మైకమున నుంటిననుట యొకటి. అసలు నేను కాననుట రెండవది. తన పూర్వముతోఁ బెనఁగులాడు ప్రతివాఁడును మొదట ఈ రెండిటిలో నొకదానిని ఆశ్రయించును. పెక్కుమంది రెంటిని మార్చి మార్చి వాడుదురు.

తెలుఁగున లిట్టు లేదు. ఆ కొఱఁతను అఁట యను చిన్నమాట తీర్చినది. చేసితినఁట యన్నప్పుడు చేసినవాఁడును, చెప్పువాఁడును ఒక్కఁడే యయ్యు ఇరువురగుదురు. కల్లు దిగిన మఱునాఁటి యుదయమున పల్లెలలో నీ ప్రయోగమును వినవచ్చును; రాత్రి నేను మామను తిట్టితినఁట గదా యని సగము సిగ్గుతోను, సగము తప్పించుకొను నుపాయముతోను అడుగుదురు. దీనికి సరిగా ఎదురుగట్టున మఱియొక రూపము తెలుఁగున కలదు. చేసితిని యనుట యొకటి, చేసినాఁడను అనుట యొకటి. మొదటిది శుద్ధక్రియ. రెండవదానిలో, చేసిన యను విశేషణముపై వాఁడను అను మాట చేరి కలిసిపోయినది. చేసితిని యన్నచోఁ బని చెప్పఁబడినది. చేసినాఁడను అన్నచో మనిషి చెప్పఁబడినాఁడు. పని యెన్నఁటిదో, మనిషి నేఁటివాఁడు. వ్యవహారమున ఈ రెంటికి భేదము చెరిగినదనుట నిజమే. నేఁటివారి చేశాను అనునది రెండవదాని బిడ్డయే యైనను దానిలోని వాఁడు ఎవ్వరికిని వినఁబడుట లేదు. కాని ధాతువులయందు నిద్రించుచున్న యర్థమును కవులు మేలుకొలుపుదురు. పూర్వముతో సంధి యనఁగా చేసితినఁట యను గట్టునుండి చేసినాఁడను అను గట్టునకు దాఁటుట. నడుమ నది లోతు.

తమ్మయ ఈ నదిని దాఁటించెనా? ఇక్కడ ఆతనిపై నొక తప్పు మోపక తప్పదు. కావ్యమునకు వైజయంతీవిలాసమని పేరుపెట్టుటలోనే యది యున్నది. వైజయంతి విష్ణువక్షమున వ్రేలాడు వనమాల. విప్రనారాయణుఁడు ఆ వనమాలయొక్క యంశమున జన్మించినవాఁడని సంప్రదాయము. మాలయే మాలకరియై పుట్టెననుట అందమైన కల్పన, కాదనరాదు. ఐనను దాని ఫలమేమి? జరిగినదెల్ల ముందే నిర్ణయింపఁబడిన విలాసమగును. మోహము స్వామిలీల, గిన్నె స్వామిలీల, చెఱ స్వామిలీల. ఇంక ఆ బ్రహ్మచారి చేసినదేమి? అతని తప్పు అతనికే పరోక్షమైపోయినది. కవి తన నాయకునకు ఉత్తమపురుషమున లిట్టు నొకదానిని బహుమానముగా నిచ్చినట్లయినది. భక్తులకిది తృప్తి. కావ్యమునకు నష్టము. విప్రనారాయణుఁడు అరుఁగుమీఁద చలికి వడఁకుచుఁ గూర్చున్నప్పటి జాలి, వైజయంతిని స్మరించినంతనే సగమగును.

ఇట్టి యుపాయము గోలకొండలోనే మఱియొక కథయందును కలదు. అబుల్ హసన్ తానాషా (1672–1687) యేలుబడిలో కంచెర్ల గోపన్న భద్రాచల దేవాలయమునకై ప్రభుత్వధనమును వెచ్చించి, గోలకొండ కోటలో చెఱపడినాఁడు. ఆ బందిఖానాను నేఁటికిని చూపుదురు. పండ్రెండేండ్ల చెఱకుఁ గారణమేమని యడిగిన జనశ్రుతి, పూర్వజన్మమున నతఁడొక చిలుకను పంజరమున బంధించెనని చెప్పును. పూర్వజన్మకృత్యము ఎవ్వరికైనను పరోక్షమే. అందు లిట్టు శాస్త్రసమ్మతము. జనశ్రుతికి ఇది కథను ముడివేయుట. గోపన్నకు మాత్ర మది చాలినట్లు తోఁపదు. ఆతని కీర్తనలఁ జూచిన చిలుక కనఁబడదు. నగలకైన వెచ్చము కనఁబడును, దెబ్బల బాధ కనఁబడును, రాముని గట్టిగా నిలువఁదీయుట కనఁబడును. ఆ వెంటనే, బాధ కోర్వలేక అంటిని, మనసున నుంచుకొనవలదని వేఁడుకొనుటయు కనఁబడును. తిట్టినవాఁడు తానే యని ఒప్పుకొని, ఆ తిట్టును చెరిపివేయక, దానిప్రక్కనే క్షమను నిలిపినాఁడు. పాడువారు నేఁటికిని రెంటిని కలిపియే పాడుదురు. రాముఁడు లెక్క చెల్లించి విడిపించెనన్న కథకంటె ఇది గొప్పది.

నిగమశర్మ కథ దీనికిఁ బూర్తిగా విరుద్ధము. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నాతఁడు అక్క నగలను, ఆలి నగలను మూటగట్టుకొని రాత్రివేళ పోయినవాఁడు. ఆదరించిన కాఁపు నింటి యిల్లాలితో లేచిపోయినవాఁడు. తుదకు క్షేత్రమహిమవలన తరించినవాఁడు. ఆతఁడు వెనుదిరిగి చూచిన తావు లేదు. యమదూతలు చెప్పిన జాబితా యొక్కటే ఆతని గతమునకు సాక్షి. అదియు నాతఁడు చచ్చిన తరువాత. చదువరులకు మిగులునది ఆతని మోక్షము కాదు, ముక్కరకై యేడ్చిన యక్క. కవి యామెకుఁ బేరైనను పెట్టలేదు. ఎన్నితరములు గడచినను తెలుఁగువారు నిగమశర్మ యక్క యనియే తలఁచుకొనుచున్నారు. లెక్క చూడక పోయినవాని యప్పు ఆ విధముగా నింకొకరి పేరఁ జేరినది.

భాగవతమునందలి అజామిళుఁ డింతకంటె మేలు. తెలుఁగు భాగవతమున షష్ఠస్కంధమును రచించినవాఁడు ఏర్చూరి సింగన. కొడుకును బిలిచిన పిలుపు నారాయణనామమై, యమపాశము సడలినపిమ్మట, అజామిళుఁడు చనిపోలేదు. బ్రదికి లేచినాఁడు. లేచి తాను విడిచిన తల్లిదండ్రులను, ఆలిని తలఁచి కుమిలి, ఇల్లు వెడలి గంగాద్వారమునకుఁ బోయినాఁడు. రక్షణము ముందు, పశ్చాత్తాపము వెనుక. ఈ వరుస విప్రనారాయణుని కథకును సరిపోవును. భయము తీఱినవానికే వెనుకకుఁ జూచుటకు వీలు కలుగును. దూతలు మెడపైఁ గూర్చున్నంతసేపు మనుష్యునకు కళింగమే గతి. ఐనను అజామిళుఁడు ఊరు విడిచి దూరము పోయినాఁడు. విప్రనారాయణుఁడు పోలేదు. ఈ భేదము చిన్నది కాదు.

ఆళ్వారుయొక్క సొంతమాట మనకుఁ జిక్కినది. అరవమున నాతఁడు రచించినవి రెండు: తిరుమాలై 45 పాశురములు, తిరుప్పళ్ళియెళుచ్చి 10 పాశురములు. మేలుకొలుపగు రెండవది వైష్ణవాలయములలో వేకువను వినఁబడును. మొదటిదానిలో నాతఁడు తన గతమును దాఁపఁడు. జూదము, దొంగతనము, స్త్రీవ్యామోహము అన్నియు తనవిగాఁ జెప్పుకొనును. తనలో శుచిత్వము లేదు, ఒక మంచిమాట లేదు, అర్చన లేదు అని యొకటొకటిగా విప్పును. ఇందు వింత యేమనఁగా, గిన్నె లేదు. దేవదేవి పేరును లేదు. తన నిర్దోషిత్వమునకు స్వామియే సాక్షియని చెప్పుకొనఁదగిన గొప్పవేడుక నతఁడు విడిచివేసినాఁడు. గురుపరంపరాకథలు దానిని జెప్పుకొన్నవి. కథ పిమ్మటి కల్పనయని చరిత్రకారు లనవచ్చును. అనినను కావ్యవిమర్శకు కొఱఁత లేదు. కథలోని దొంగతనము చేయని దొంగతనము. పాశురమున నతఁడు తనకుఁ దాను దొంగ యను మాట నంటించుకొన్నాఁడు. ఎవరును మోపని నేరములను తానే మోపుకొని, మోపఁబడిన నేరమును గాలికి విడిచినాఁడు. ఇంకను, ఆ నేరము నామెపై త్రోయలేదు. పురుషుఁడు తన పతనమును జెప్పునప్పుడు స్త్రీ పేరు ముందు వచ్చుట మన వాఙ్మయమున నాచారమైనది. ఆళ్వారు దానిని పాటింపకుండుట మెచ్చఁదగినది.

ఇఁకఁ బేరు. తొండరడిప్పొడి: తొండర్ అనఁగా దాసులు, అడి పాదము, పొడి ధూళి. అడుగు, పొడి అనునవి తెలుఁగువానికి అర్థము చెప్పనక్కఱలేని మాటలు. సంస్కృతమున భక్తాంఘ్రిరేణువు, షష్ఠీతత్పురుషము. తత్పురుషమున నుత్తరపదమునకు ప్రాధాన్యము గనుక అతఁడు భక్తుఁడని గాని, పాదమని గాని యర్థము రాదు. ధూళి యని మాత్రమే వచ్చును. పాత పేరుతోఁ బోల్చిచూచిన, పోయినదేదో తెలియును. విప్రనారాయణ శబ్దమున మొదటి ముక్క పుట్టుకను చెప్పును. రెండవది స్వామిని చెప్పును. క్రొత్తపేరున రెండును లేవు. తిరుమాలైలో కులమెట్టిదైనను భక్తుఁడు పూజ్యుఁడని ఆళ్వారు గట్టిగా వాదించినాఁడు. వాదించినవాని పేరున విప్రశబ్దము నిలిచిన హాస్యాస్పదమగును.

దీనివలన నొక సంగతి బయలుపడుచున్నది. విప్రనారాయణుని తప్పు దేవదేవి యింట మొదలయినది కాదు. ఇద్దరు స్త్రీలు మ్రొక్కినప్పుడు కన్నెత్తి చూడనినాఁడే మొదలయినది. అది వైరాగ్యమని కవి యందురు. దానిలో శుచినను గర్వమును కొంత కలదని కథనడకయే చెప్పుచున్నది. లేనిచో దేవదేవికి అంత నొప్పి కలుగనేరదు. వైరాగ్యము పొరుగువానిని నొప్పింపదు, గర్వము నొప్పించును. కావున నతఁడు సంధి చేసికొనవలసిన గతము, సిగ్గుపడుచున్న యా మోహదినములు మాత్రమే కాదు; మెచ్చుకొనుచున్న యా వ్రతదినములును. ఇది మిక్కిలి కష్టము. తన చెడ్డదినములను ఒప్పుకొనువారు కనఁబడుదురు. తన మంచిదినములలోని చెడ్డను ఒప్పుకొనువాఁడు వేయింట నొకఁడు. పాదధూళి యను పేరు ఈ రెండవ యప్పును తీర్చుటకే. మ్రొక్కినవారిని జూడనివాఁడు, ఇప్పు డెవరు నడచినను వారి క్రింద నుండును. తమ్మయ తన వనమాలచేత ఈ యర్థమును మఱుఁగుపఱచినను, కథ తన బలమున దానిని వెలికిఁ దెచ్చుకొన్నది. కొన్ని కథలు కవికంటె మొండివి.

పేరున గతమును మోయు పేటకు మఱల రావలసియున్నది. కిషన్‌బాగున కృష్ణుని పేరేకాక సిక్కు ఛావనీ యను పేరును కలదు. 19వ శతాబ్ది పూర్వార్ధమున నిజాము కొలువునకు వచ్చిన సిక్కుదండు జ్ఞాపకము దానిది. ముసల్మానుల యిండ్లు చుట్టును పెక్కు. 2014 మే 14న, రాష్ట్రవిభజనకుఁ గొలఁదిదినములు ముందుగా, సిక్కుల ధ్వజమొకటి కాల్పఁబడినదన్న కారణమున రెండు వర్గములు తలపడఁగా, కాల్పులు జరిగి ముగ్గురు మరణించిరి. కర్ఫ్యూ విధింపఁబడినది. నేరమెవరిదన్నది న్యాయస్థానములు తేల్చు ప్రశ్న. అది గిన్నె ప్రశ్న వంటిది. అది తేలినను, తేలకున్నను, ఆ సాయంకాలము వీథిలో నిలిచినవానికిని, తలుపు వేసికొని కిటికీనుండి చూచినవానికిని, పొరుగువాఁడు పిలిచినప్పుడు పలుకనివానికిని వేఱువేఱు ప్రశ్నలు కలవు. ఇట్టి దినముల పిమ్మట ఏ యూరనైనను మొదట వినఁబడునది అత్యంతాపహ్నవమే: మావారెవరును ఆ వైపునకే పోలేదు. వ్యక్తికంటె సమూహమునకు కళింగము దగ్గఱ. సమూహము చేసినాఁడను అనలేదు. దానికి వాఁడు లేఁడు. ఒక్కొక్కఁడు తనవంతు తాను చెప్పుకొనవలసినదే, అదియు నెవ్వరు నడుగకుండఁగనే.

ఆళ్వారు మేలుకొలుపు తుదిపాశురమున తన రూపు తానే గీసికొన్నాఁడు. భుజమున పూలబుట్ట, చేత తులసిమాల. తిరుమాలై తుదనుగూడ తులసిసేవకుఁడననియే చెప్పుకొనును. ఇంత జరిగిన తరువాత అతఁడు మఠము పెట్టలేదు, దేశాంతరము పోలేదు. పడిన చోటికే, ఆ తోఁటకే, తిరిగిపోయినాఁడు. ఏ పాదుకడ దాసరివేసమున దేవదేవి నీరు పోసెనో ఆ పాదు అక్కడనే యుండియుండును. దినదినము దానిని దాఁటియే పూలు కోయవలెను. దేవదేవియుఁ దుదకు తన సొమ్మును రంగనికి నర్పించి ఆ కోవెలసేవలోనే నిలిచెనని సంప్రదాయము చెప్పును. కావున ఉదయమున బుట్టతోఁ బోవువానికి ఆమె యెదురుపడుట అరుదు కాదు. అప్పు డతఁడు కన్నెత్తి చూచెనా? తమ్మయ చెప్పలేదు. ఆ యొక్క పద్యము వ్రాసియుండిన, వనమాల కథ లేకున్నను కావ్యమునకు లోటు లేకపోయెడిది.